కత్తెర అందించిన చెయ్యి

నంద్యాల,
జూన్ 9.

అక్కకు, ఇందు నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నువ్వు కవరును అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. పోయిన నెల మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా ‘అక్కాచెల్లెళ్ల ముచ్చట్లు’ అని ఛానెల్లో వచ్చింది కదా, అప్పటినుంచి నాకు ఫోన్ ముట్టుకోవాలంటే భయం. బావ మొలల మందు గురించి నువ్వు చెప్పింది కూడా మా మరిది రాకేశ్ తీసెయ్యలేదు. అడిగితే, “జనం నవ్వింది ఆడనే గదా వదినా, అది తీసేస్తే ఇంకేముండాది?” అన్నాడు.

పోయిన ఏడు టీవీలో కుటుంబాల పోటీ, ఆ ‘గడపలో కెమెరా’ ఆట నలభై రోజులూ ముగిస్తే మా ఇల్లు మాకు వచ్చేస్తుందనుకున్నాను. టీవీవాళ్ల కెమెరాలు పోయాయి, రాకేశ్ కెమెరాలు వచ్చాయి. అత్త నన్ను తిట్టే తిట్లు జనానికి నచ్చబట్టే టీవీలో మమ్మల్ని మూడో స్థానం దాకా తీసుకుపోయారు. ఆ తిట్లే ఇప్పుడు ‘కమలమ్మ గడప’ అనే ఛానెల్ అయ్యాయి, చూసేవాళ్లు నాలుగు లక్షల మంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె నన్ను తిట్టాలి, నేను మూతి ముడుచుకోవాలి. మొదట్లో కెమెరా ఆగగానే “గట్టిగా అంటినామ్మా?” అని దగ్గరికి వచ్చి కాఫీ ఇచ్చేది. ఈమధ్య ఆ అడగడం కూడా మానేసింది.

మా ఆయనతో చెబితే, “అంగట్లో గిరాకీ చూస్తాండావు గదా” అంటారు. నిజమే, చూస్తున్నాను. జనం చీర కోసం రావడం లేదు. కమలమ్మ కోడలిని చూసిపోదామని వచ్చి, ఊరికే పోతే బాగుండదని ఒక చీర కొంటున్నారు.

ఇంటికి వచ్చిన ఏ డబ్బా అయినా కెమెరా ముందే విప్పాలి. సబ్బులవాళ్లు, మసాలాలవాళ్లు పంపుతూనే ఉంటారు, విప్పి చూపిస్తే వాళ్లకు లాభం, మాకు లాభం. నేను నాకోసం తెప్పించుకున్న లోపలి బట్టల పొట్లం లైవ్‌లోకి పోకుండా ఆపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

గంట బస్సు ప్రయాణమే కానీ నేను ఆళ్లగడ్డ బస్సు ఎక్కితే అదొక వీడియో, నువ్వు ఇక్కడ దిగితే ఇంకొక వీడియో. అందుకే ఉత్తరం. మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న లూదియా పేరు మీద జవాబు రాయి. రవికెలు కుట్టించుకునే సాకుతో వెళ్లి తెచ్చుకుంటాను. ఆమె మంచి మనిషి, ఫోన్‌లో మా ఛానెల్ కూడా లేదు. చదివాక చింపెయ్యి.

నీ ఇందు


ఆళ్లగడ్డ,
జూన్ 16.

ఇందూకు అక్క దీవెనలు.

చింపలేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం. బియ్యం డబ్బాలో దాచాను.

మీ బావకు పరామర్శలు ఇంకా తగ్గలేదు. ఎరువుల అంగడికి వచ్చిన రైతు యూరియా సంగతి ఎత్తకముందే “చెన్నకేశవులన్నా, ఇప్పుడెట్లుండాది?” అని అడుగుతున్నాడు. ఒకాయన ఎవరో ఆకు పసరు కూడా తెచ్చి ఇచ్చాడు. ఈయన నా మీద పళ్లు నూరుతున్నారు కానీ, ఆ పసరు మాత్రం పూసుకున్నారు.

నీకు నోరు లేదా అమ్మాయ్? మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? నీ మీద వాళ్లు ఏ వీడియో అయినా పెట్టుకోనీ. నీ కూతురి జోలికి మాత్రం రానీయకు. పూజితను వీడియోల్లో చూస్తూనే ఉన్నాను. అది నవ్వడం లేదే, పళ్లు చూపిస్తోంది. మొన్న మీ అత్త దాని లెక్కల మార్కులు చదివి వినిపిస్తుంటే దాని చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఇక్కడినుంచే కనబడింది, మీకు అక్కడ కనబడలేదా?

అమ్మ పోయాక నీకు పుట్టినిల్లంటే నేనే. ఏదున్నా నాకు రాయి, దాచుకోకు.

అక్క


నంద్యాల,
ఆగస్టు 4.

అక్కా,

ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పడం లేదు. బావకు కూడా చెప్పొద్దు.

శుక్రవారం పూజిత పెద్దమనిషి అయింది. బడినుంచి వచ్చి, సంచి కూడా దించకుండా నన్ను మిద్దె మీదికి పిలిచింది. ఏడుస్తుందేమో, భయపడుతుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. దాని నోటినుంచి వచ్చిన మొదటి మాట, “మా, ఛానెల్లో చెప్పొద్దు.” తరువాత చెయ్యి చాపింది. “చేతిలో చెయ్యెయ్” అంది. వేశాను.

టీవీ ఆటలో మాతోపాటు ఉన్న ఇంకో కుటుంబంవాళ్లు వాళ్ల పిల్ల ఫంక్షన్‌ను ఆరు వీడియోలు చేసి పెట్టారు. ఎక్కడ చూసినా అవే. అప్పటినుంచి రాకేశ్ నోట ఆ మాటే. పోయిన నెల అత్త కెమెరా ముందే, “మా పూజితకు పదమూడు వచ్చె, మా ఇంట్లో పండగ ఎంత దూరమో” అని నవ్వింది. అవును ఎప్పుడు ఎప్పుడు అని ముక్కూమొహం తెలియనివాళ్లు కింద రాశారు. పూజిత అవన్నీ చదివింది అక్కా. పిల్లల చేతిలోనే కదా ఫోన్లన్నీ.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాని నాయనకు చెబితే రాకేశ్‌కు చెప్పినట్టే. అది మామూలుగా బడికి పోతోంది. అత్త దీపం పెట్టమంటే మాత్రం హోంవర్క్ ఉందని తప్పించుకుంటోంది. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి పెడదామంటే, రోకటి చప్పుడుకే అత్త వస్తుంది, అత్త వెనకాలే ఫోన్ వస్తుంది. మనకు అమ్మ ఎంత చేసింది! తొమ్మిది రోజులు కాలు కింద పెట్టనీయలేదు. నా బిడ్డకు ఒక్క ఉండ కూడా నోట్లో పెట్టలేదని తలుచుకుంటే ఏడుపు వస్తోంది.

నువ్వు ఏమీ చెయ్యొద్దు. నీకు తెలిసి ఉంటే చాలు.

ఇందు


ఆళ్లగడ్డ,
ఆగస్టు 9.

నా తల్లీ ఇందూ,

నీ ఉత్తరం చదివి వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను, ఏమీ అనుకోకు. మొన్నమొన్నటిదాకా నా చంకలో ఉండి నా తాళిబొట్టు నోట్లో పెట్టుకునేదే ఆ పిల్ల!

నువ్వు చెప్పినట్టే ఊరికే ఉన్నాను. ఒకరోజు ఉన్నాను. రెండోరోజుకు నా వల్ల కాలేదు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే పుట్టింటి చిమ్మిలి నోట్లో పడకుండా ఉంటుందా? రేపు దానికి కడుపునొప్పి వచ్చినా, నడుంనొప్పి వచ్చినా నాకు ఇదే గుర్తుకొస్తుంది. నువ్వులు వేయించి, బెల్లం వేసి నేనే దంచాను. చిలకపచ్చ లంగా, వంకాయరంగు ఓణీ తీశాను. పసుపు, కుంకుమ, గాజులు, ఎండుకొబ్బరి అన్నీ పెట్టాను.

లూదియాకు పంపుదామనే అనుకున్నాను. ఆమె మంచిదే, కాదనను. కానీ సారె ఇంకొక గడప తొక్కి రాకూడదని అమ్మ అనేది గుర్తుందా? మొదట బిడ్డ ఉన్న గడపే దాటాలి. అందుకని నేరుగా మీ ఇంటికే ఈరోజు పొద్దున బస్సు పార్సిల్ వేశాను. కంగారు పడకు. కంపెనీ డబ్బాలంటే విప్పుతారు కానీ, అక్క పంపిన ఊరగాయ ఎవరికి కావాలి? అడుగున సారె, దాని మీద మీ బావ అంగడి పాత క్యాలెండర్లు, ఆ మీద మురుకులు, మామిడికాయ ఊరగాయ సీసా. ఎవరూ ముట్టుకోకుండా అట్టపెట్టె మీద ‘ఊరగాయ. ఇందుమతికి మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాశాను. మీ అక్క అంత తెలివితక్కువది కాదు.

అందరూ పడుకున్నాక పిల్లకు పెట్టు. పెద్దమ్మ పంపిందని చెప్పు.

అక్క


నంద్యాల,
ఆగస్టు 13.

అక్కా,

నీ ఉత్తరం ఈరోజు చేరింది. పార్సిల్ తొమ్మిదో తేదీనే చేరింది.

‘ఇందుమతికి మాత్రమే’ అన్నది చూసి రాకేశ్ ఎగిరి గంతేశాడు. “ఏందబ్బా వదినకు మాత్రమే? అత్తకు లేకుండా!” అని అప్పటికప్పుడు లైవ్ పెట్టాడు. నేను వంటింట్లో దోసెలు పోస్తున్నాను. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది.

అత్త మురుకులు తీసి కొరికి ఉప్పు ఎక్కువైందంది. ఊరగాయ మూత తీసి వాసన చూసింది. క్యాలెండర్లు తీసింది. చిమ్మిలి, ఓణీ, పసుపు కనబడ్డాక ఆమెకు ఎవరైనా చెప్పాలా? “ఓ యమ్మో, నా మనవరాలే!” అని పూజితను దగ్గరికి లాక్కుని దాని నోట్లో ఉండ పెట్టింది. ఆమె కళ్లలో వచ్చినవి నిజమైన నీళ్లక్కా, అది కూడా చెప్పాలి. ఆ ఒక్క నిమిషం ఆమె నటించలేదు. నాలుగు వేల మంది చూస్తున్నారని రాకేశ్ చెబుతున్నాడు. పూజిత ఆ ఉండను నమల్లేదు, మింగలేదు. బుగ్గలో అట్లే పెట్టుకుని లైవ్ అయ్యేదాకా కూర్చుంది.

నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నేనే బయటపెట్టానని అనుకుంటోంది. అనుకోవడం ఏముంది, నేను నీకు రాయకపోతే ఇది జరిగేదా? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడిందక్కా.

ఇరవై తొమ్మిదిన ఫంక్షన్. ఎవరో నగల కొట్టువాళ్లు ఖర్చంతా పెట్టుకుంటారట. వద్దని నేను మా ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. “ఊరందరికీ తెలిసినాక దాచేదేముండాది? చెయ్యకుంటే పిల్లకే నామోషీ” అన్నారు. నువ్వు తెచ్చే సారె ఒక వీడియో అంట, పేరు కూడా పెట్టేశారు.

ఇందు


ఆళ్లగడ్డ,
ఆగస్టు 18.

ఇందూ,

నన్ను నాలుగు తిట్టి రాసి ఉంటే బాగుండేది. తిట్టకుండా రాశావు చూడు, అది నన్ను నిద్రపోనీయడం లేదు. కంపెనీ డబ్బాలనే కాదు, ఏ డబ్బా అయినా అని నువ్వు జూన్‌లోనే రాశావు. బియ్యం డబ్బాలోంచి తీసి మళ్లీ చదివాను. ఉంది. నా బుద్ధి గడప మీదికే పోయింది, బిడ్డ మీదికి పోలేదు.

ఆ వీడియో చూశాను. ఒకసారి కాదు. మీ అత్త “కత్తెర యాడ?” అని అడగగానే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి అందించింది. ఆ మణికట్టు మీద మచ్చ ఉంది. చిన్నప్పుడు కజ్జికాయలు కాల్చే నూనె చింది పడితే నేనే సిరా పూసిన మచ్చ. నేనేమీ అడగను. అడగడానికి నాకు మాత్రం ఏ మొహం ఉంది?

ఇరవై తొమ్మిదిన వస్తాను. ఎవడు ఏ వీడియో తీసుకుంటాడో తీసుకోనీ. అందరి ముందే చెబుతాను, పిల్లను నాతో తీసుకుపోతున్నానని. ఇక్కడ బడులు లేవా? మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మీ ఆయన అడ్డం వస్తాడా, మీ అత్త అడ్డం వస్తుందా, నేనూ చూస్తాను. దాని బట్టలు సర్ది పెట్టు.

అక్క


ఆళ్లగడ్డ,
సెప్టెంబర్ 2.

ఇందూ,

నువ్వు అక్కడే ఉన్నావు, అంతా చూశావు. అయినా రాస్తున్నాను. రాయకపోతే నాకు అన్నం దిగడం లేదు.

ఏం మాట్లాడాలో శిరివెళ్ల దాటినప్పటినుంచి బస్సులో మనసులో అప్పజెప్పుకుంటూనే వచ్చాను. మీ వాకిట్లో ఆటో దిగగానే రాకేశ్ వంగి కాళ్లకు దండం పెట్టాడు. లేచేటప్పుడు నా కొంగుకు బొత్తామంత మైకు తగిలించాడు. “అక్కా, తట్ట ఎత్తుకొని నవ్వుతా రాక్కా, బో బాగుంటాది” అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, తిట్టడానికి నాకు మాట దొరకలేదు. మైకులోకి నేను అరిస్తే అది పిల్ల నెత్తిన ఇంకో వీడియో అవుతుందని ఊరుకున్నానని మీ బావకు చెప్పాను. అబద్ధం. అంతమందిని, ఆ లైట్లను చూసి ఉత్త భయంతో నోరు పడిపోయింది.

గడప దాటాను. లైటు సరిగా పడలేదన్నాడు. వెనక్కి పోయి మళ్లీ దాటాను. ఈసారి నవ్వలేదన్నాడు. మూడోసారి నవ్వుతూ దాటాను ఇందూ. సారె మొదట బిడ్డ ఉన్న గడపే తొక్కాలని అంత చేశాను కదా, అదే గడప మూడుసార్లు తొక్కించారు.

పీట మీద కూర్చున్న పూజితకు కుంకుమ పెడుతూ చెవిలో, “నాతో వచ్చేయ్ బంగారూ” అన్నాను. అది తల తిప్పకుండా, కెమెరా వైపు నవ్వుతూనే, “పెద్దమ్మా, మైకు” అంది.

దాని బట్టల సంచి నువ్వు నిజంగానే సర్ది మంచం కింద పెట్టావు. నేను చూశాను. చూసి, భోజనం చేసి, తాంబూలం తీసుకుని, సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

అక్క


నంద్యాల,
సెప్టెంబర్ 10.

అక్కా,

ఆ సంచి విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టాను. నువ్వు బాధపడకు. నువ్వు తీసుకుపోయినా నాలుగో రోజున కారు వేసుకుని కెమెరాతో ఆళ్లగడ్డ వచ్చేవాళ్లు.

ఆ చెయ్యి నాదే. దోసెలు, వంటిల్లు, అన్నీ అబద్ధం. అత్త పక్కనే నిలబడి ఉన్నాను. అట్టపెట్టె మీద నీ రాత చూడగానే నాకు తెలిసిపోయింది. ఊరగాయే కదా, జిడ్డు అవుతుందని ఎత్తుకుని లోపలికి పోయి ఉండొచ్చు. కాలు జారినట్టు పడి ఉండొచ్చు. పూజిత నావైపే చూస్తోంది. అత్త “కత్తెర యాడ?” అంది. ఏడాదిగా రోజూ ఆ మాట వింటున్నాను, వినగానే అందిస్తున్నాను. చెయ్యి దానంతటదే పోయింది. దాని చేతిలో వేసిన చెయ్యి కూడా అదే. మనసు వద్దని అరుస్తూనే ఉంది, నా మొహం మాత్రం నవ్వుతూ ఉంది. తరువాత నేను కూడా వీడియో చూశాను. చాలా బాగా నవ్వాను.

ఇకమీదట లూదియా పేరున ఉత్తరాలు రాయొద్దు. ఫోనే చెయ్యి. రాకేశ్ రికార్డు చేసుకుంటే చేసుకోనీ. ఇంకా దాచిపెట్టాల్సింది మా ఇంట్లో ఏమీ మిగల్లేదు. నీ గొంతు విని చాలా రోజులైంది.

ఇందు


నంద్యాల,
అక్టోబర్ 6.

పెద్దమ్మకు,

నేను పూజితను. లూదియా ఆంటీ మిషన్ పక్కన కూర్చొని రాస్తాండా. నీ అడ్రసు ఆమె దగ్గర ఉండె. నేను ఈడికి వచ్చినట్లు అమ్మకు తెలీదు, ఓణీకి కుచ్చులు కుట్టించుకోను పోతానని చెప్పినా. ఈ సాకు అమ్మ దగ్గరే నేర్చుకున్నా.

నువ్వు పంపిన చిమ్మిలి మంచిగానే ఉండె. ఆ రోజు బుగ్గలో పెట్టుకుంది పెరట్లో ఉమ్మేసినా, ఏమనుకోవద్దు. మిగిలినవి తర్వాత ఎవరూ లేనప్పుడు తిన్నా. క్లాసులో నన్ను చిమ్మిలి అని పిలుస్తాండారు. మొదట ఏడ్చినా, ఇప్పుడు పలుకుతాండా. పలకకుంటే ఇంకా గట్టిగా పిలుస్తారు.

అమ్మ మీద కోపం లేదు. మాట్లాడుతాండా. చేతిలో చెయ్యి మాత్రం వెయ్యమని అడగను, మళ్లీ పాపం ఆమెకు ఇబ్బంది.

నేను ఈ ఉత్తరం ఎందుకు రాస్తాండానంటే, నాకు ఒకటి ఉండాది. అది ఎవరికీ తెలీదు. మంచిదే, నువ్వు భయపడొద్దు. అవ్వకు తెలీదు, నాయనకు తెలీదు, చిన్నాయనకు అస్సలు తెలీదు, అమ్మకు కూడా చెప్పలేదు. నీకూ చెప్పను. కానీ అట్లాంటిది ఒకటి నాకు ఉండాదని ఎవరికైనా చెప్పకుంటే నిద్ర పట్టలేదు, అందుకని నీకు చెప్తాండా.

ఇది చదివి అమ్మకు ఫోన్ చెయ్యొద్దు. నీకు ఎంత సంతోషమైనా సరే, ఏమీ పంపొద్దు పెద్దమ్మా.

పూజిత